చెరువుల శాటిలైట్ ఇమేజీల మెటాడేటా ఏ ఫైల్లో దాచాలి? టెక్స్ట్, ఎక్స్‌ఎంఎల్, జేసన్, యామల్

చెరువుగట్టు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. పాలమూరు వైపు చెరువుల్లో ఏటేటా నీళ్లు ఎంత మేర నిలుస్తున్నయో శాటిలైట్ ఇమేజీల మీద కొలిచే పని చేస్తున్నం. అమెరికా ల్యాండ్‌శాట్ 8, 9, యూరప్ సెంటినెల్-2, ఇస్రో వాళ్ల భూనిధి సైటు నుంచి దించుకున్న రిసోర్స్‌శాట్-2 లిస్-3 కెమెరా ఇమేజీలు, మూడు రకాలూ వాడుతున్నం. ఇమేజీలకు లోటు లేదు. వాటి వివరాలు దాచుకునే పద్ధతే కుదరట్లేదు.

ఒక్కోదానితో వచ్చే మెటాడేటా, అంటే ఇమేజీ ఎప్పుడు, ఎట్లా తీసిందో చెప్పే వివరాలు, ఒక్కో తీరు. ల్యాండ్‌శాట్‌కు ఎంటీఎల్ అనే టెక్స్ట్ ఫైలు. సెంటినెల్‌కు ఫోల్డర్లలో ఫోల్డర్లు, వాటిల్లో ఎక్స్‌ఎంఎల్ (ట్యాగుల మధ్య వివరాలు రాసే టెక్స్ట్) ఫైళ్లు. లిస్-3కి బ్యాండ్ మెటా అనే ఇంకో టెక్స్ట్ ఫైలు. మా జట్టులో ప్రోగ్రామింగ్ తెలిసినవాళ్లు ఇద్దరే. మిగిలినవాళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకుంటరు. డేటాబేస్ పెడదామంటే, రేపు మేం ఈ పనిలో లేకపోతే దాన్ని ఎవరు నడుపుతరు? మనిషి కంటితో చదవగలగాలె, ప్రోగ్రామ్ కూడా తడబడకుండా చదవాలె. అట్లాంటి ఫైలు ఏది? వాడినవాళ్లు చెప్పండి.

అక్షాంశం | సోమవారం, రాత్రి 10:25

ముందు ఎంటీఎల్ ఫైలునే ఒకసారి తీరిగ్గా చూడండి. అది ఓడీఎల్ అనే పద్ధతిలో ఉంటుంది. నాసా జేపీఎల్ వాళ్లు గ్రహాల డేటా భద్రపరచడానికి తయారు చేసుకున్న పద్ధతి. నియమాలు రెండే: ఎడమవైపు పేరు, కుడివైపు విలువ; సంబంధం ఉన్నవన్నీ ఒక గ్రూపులో. మన లిపిలో రాస్తే ఇలా ఉంటుంది (అంకెలు ఉదాహరణకే):

గ్రూప్ = ఇమేజ్_ఆట్రిబ్యూట్స్
  స్పేస్‌క్రాఫ్ట్_ఐడీ = "ల్యాండ్‌శాట్_8"
  డబ్ల్యూఆర్ఎస్_పాత్ = 144
  డబ్ల్యూఆర్ఎస్_రో = 48
  డేట్_అక్వైర్డ్ = 2021-11-20
  క్లౌడ్_కవర్ = 2.31
  సన్_ఎలివేషన్ = 47.6
ఎండ్_గ్రూప్ = ఇమేజ్_ఆట్రిబ్యూట్స్

ఏ సాఫ్ట్‌వేరూ లేకుండా అర్థమవుతుంది కదా. పాత్, రో అంటే ల్యాండ్‌శాట్ భూమిని గళ్లుగా విభజించిన వరుసల నంబర్లు; 144, 48 అంటే హైదరాబాద్ పడే సీను (ఒక గడి ఇమేజీ). సీన్ సెంటర్ టైమ్ అనే లైను చూస్తే యూటీసీలో (మన టైముకు ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రమాణ సమయం) ఐదు గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఉంటుంది, అంటే మన గడియారంలో పదిన్నర ప్రాంతం. మీరు ఏ పద్ధతి ఎంచుకున్నా ఆ టైమును ఐఎస్‌టీలోకి మార్చి దాచకండి. యూటీసీలోనే ఉంచండి, యూటీసీ అని రాయండి.

ఇంకో మాట. 2020 డిసెంబరులో కలెక్షన్ 2 (ఇమేజీలన్నీ మళ్లీ ప్రాసెస్ చేసి ఇచ్చిన విడత) మొదలైనప్పటి నుంచి ల్యాండ్‌శాట్ వాళ్లు ఇదే మెటాడేటాను టెక్స్ట్, ఎక్స్‌ఎంఎల్, జేసన్ (బ్రాకెట్లలో పేరు, విలువ రాసే టెక్స్ట్) మూడింటిలోనూ ఇస్తున్నారు. కాబట్టి మీకు ఏదో ఒకటే పట్టుకోవాల్సిన అవసరం లేదు.

తూర్పుతీరం | మంగళవారం, ఉదయం 7:15

నా అభిప్రాయం వేరు. పక్కన పెట్టిన టెక్స్ట్ ఫైలు ఏదో ఒకరోజు తప్పిపోతుంది. ఎవరో పెన్‌డ్రైవ్‌లో టిఫ్ (ఇమేజీ ఫైలు) ఒక్కటే ఎక్కించుకుని పోతారు, ఇంకొకరు వాట్సాప్‌లో ఇమేజీ ఒక్కటే పంపుతారు. జియోటిఫ్ (భూమ్మీద స్థానం కూడా ఉండే టిఫ్) ట్యాగుల్లోనే రాసేస్తే ఇమేజీ ఎక్కడుంటే వివరాలూ అక్కడే ఉంటాయి. జీడాల్ అనే మ్యాపు డేటా సాఫ్ట్‌వేర్‌లో ఇందుకోసమే 42112 నంబరు ట్యాగు ఉంది. అందులో ఉండేది కూడా మామూలు ఎక్స్‌ఎంఎల్ టెక్స్టే. జీడాల్‌ఇన్ఫో కమాండ్ కొడితే మొత్తం కనిపిస్తుంది, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో లేయర్ ప్రాపర్టీస్‌లోనూ కనిపిస్తుంది.

అక్షాంశం | మంగళవారం, ఉదయం 8:02

తూర్పుతీరం గారూ, ట్యాగుల్లో రాయడం మంచిదే, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. మామూలు ఫొటో ఎడిటర్‌లో తెరిచి సేవ్ చేస్తే ఆ ట్యాగులు పోతాయి, దాంతోపాటు జియో రిఫరెన్సూ (ఇమేజీ భూమ్మీద ఎక్కడిదో చెప్పేది) పోతుంది. పైగా నాలుగు బ్యాండ్లు (ఒక్కో రకం కాంతికి ఒక్కో ఇమేజీ) కలిపి ఇండెక్స్ (నీళ్లో, పచ్చదనమో చూపే అంకె) లెక్క కట్టారనుకోండి, కొత్త టిఫ్‌లోకి పాత ట్యాగులు వాటంతట అవి రావు. జీడాల్ కూడా టిఫ్‌లో రాయలేని వివరాలను పక్కనే ఆక్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఇంకో ఫైల్లో పెడుతుంది. పక్క ఫైలు బాధ మొత్తానికి తప్పదు.

పాతఫైళ్లు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను ఈ రంగంలోకి వచ్చేనాటికి ఐఆర్ఎస్ డేటా టేపుల మీద వచ్చేది, తర్వాత సీడీల మీద. ఐఆర్ఎస్-1ఏ 1988 మార్చిలో, ఐఆర్ఎస్-1సి 1995 డిసెంబరులో కక్ష్యలోకి వెళ్లాయి. ఆనాటి డేటాలో వివరాలన్నీ లీడర్ ఫైలులో ఉండేవి. ఫలానా బైటు నుంచి ఫలానా బైటు దాకా తేదీ, ఆ తర్వాత ఇన్ని బైట్లు సూర్యుడి ఎత్తు, అలా. ఏ బైటు దగ్గర ఏముందో చెప్పే ఫార్మాట్ పుస్తకం చేతిలో ఉంటే గానీ చదవలేం. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అక్కడక్కడా నాలుగు అక్షరాలు, మిగతా అంతా చెత్త.

ఇప్పుడు ఆ సీడీలు బయటికి తీస్తే ఇమేజీ తెరుచుకుంటుంది. వరుసకు ఎన్ని పిక్సెళ్లో ఊహించి తెరవొచ్చు. కానీ అది ఏ తేదీది, సూర్యుడు ఎంత ఎత్తున ఉన్నాడు, ఒక్కో అంకెకు రేడియన్స్ (సెన్సర్‌కు చేరిన కాంతి) ఎంత, ఇవి ఊహించలేం. పొలం ఉండి పహాణీ లేనట్టు అవుతుంది. చెరువుగట్టు బాబూ, నువ్వు అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. ఏ ఫార్మాట్ అయినా సరే, పాతికేళ్ల తర్వాత వచ్చేవాడు ఏ పుస్తకం వెతక్కుండా చదవగలగాలి. టెక్స్ట్‌కు మించింది లేదు.

మేఘమాల | మంగళవారం, సాయంత్రం 6:48

ఫార్మాట్ సంగతి తర్వాత. ఏ వివరాలు దాస్తున్నారో ముందు తేల్చుకోండి. తేదీ, మేఘాల శాతం అందరూ రాసుకుంటారు. అంకెను అసలు విలువగా మార్చే గుణకం, ఆఫ్‌సెట్ (కలపాల్సిన అంకె) మాత్రం ఎవరూ రాసుకోరు. చెరువుల పనిలో ఇది ఎంత దెబ్బ కొడుతుందో లెక్క వేసి చూపిస్తాను.

సెంటినెల్-2లో చాలాకాలం పిక్సెల్ అంకెను 10000తో భాగిస్తే రిఫ్లెక్టెన్స్ (పడ్డ కాంతిలో తిరిగి వచ్చే భాగం) వచ్చేది. 2022 జనవరి 25 నుంచి ప్రాసెసింగ్ బేస్‌లైన్ (ఇమేజీ తయారు చేసే పద్ధతి వెర్షన్) 04.00 అమల్లోకి వచ్చింది. చాలా చీకటి పిక్సెళ్లలో రుణ విలువలు తెగిపోకుండా ప్రతి అంకెకూ 1000 కలిపి ఇవ్వడం మొదలుపెట్టారు. తిరిగి తీసేయమని మెటాడేటా ఎక్స్‌ఎంఎల్‌లో మైనస్ 1000 అని ఆఫ్‌సెట్ రాశారు. అంటే ముందు ఆఫ్‌సెట్ కలిపి, ఆ తర్వాత 10000తో భాగించాలి.

చెరువు నీళ్ల మీద గ్రీన్ 0.06, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతి) 0.02 అనుకుందాం. ఎన్‌డీడబ్ల్యూఐ అనే నీటి సూచిక అంటే ఈ రెండింటి తేడాను వాటి మొత్తంతో భాగించడం; 0.04ను 0.08తో భాగిస్తే 0.5. ఆఫ్‌సెట్ తీయకుండా లెక్క కడితే అవే విలువలు 0.16, 0.12 అవుతాయి. 0.04ను 0.28తో భాగిస్తే 0.14. మీరు 0.2 దాటితేనే నీళ్లు అని పెట్టుకుని ఉంటే ఆ పిక్సెల్ మీ లెక్కలో నేలైపోయింది. 2021లో నిండుగా ఉన్న చెరువు 2022లో సగానికి తగ్గినట్టు మ్యాపు వస్తుంది. చెరువు మాత్రం అలాగే ఉంటుంది.

పంటలకూ అంతే. రెడ్ 0.05, ఇన్‌ఫ్రారెడ్ 0.30 ఉన్న పచ్చటి చేను ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) 0.71. ఆఫ్‌సెట్ వదిలేస్తే 0.45. పచ్చటి చేను వాడిపోయినట్టు కనిపిస్తుంది.

చెరువుగట్టు | మంగళవారం, రాత్రి 9:10

మేఘమాల గారు, ఇది చాలా పనికొచ్చే మాట. మేం 0 దాటితే నీళ్లు అని పెట్టుకున్నం. అయినా తేడా వస్తదా? ఇంకొకటి, 2022 జనవరికి ముందు ఇమేజీ అయితే ఆఫ్‌సెట్ లేదు, తర్వాత అయితే ఉన్నది అని తేదీని బట్టే ప్రోగ్రామ్‌లో పెట్టుకోవచ్చు కదా?

మేఘమాల | మంగళవారం, రాత్రి 10:05

0 దగ్గరైతే గుర్తు మారదు. పైన తీసివేతలో రెండింటికీ కలిపిన 1000 రద్దయిపోతుంది, కింద మాత్రమే మిగులుతుంది. కాబట్టి నీళ్లు, నేల విభజన వరకు మీకు ఇబ్బంది లేదు. కానీ గుర్రపు డెక్క, తూడు ఉన్న చెరువుల్లో 0 సరిపోక గీత (నీళ్లు అని తేల్చే విలువ) జరుపుతారు చూడండి, అక్కడ తేడా వచ్చేస్తుంది.

తేదీని బట్టి పెట్టుకోవడం మాత్రం వద్దు. పాత సెంటినెల్ ఇమేజీలను కలెక్షన్ 1 పేరుతో కొత్త బేస్‌లైన్‌తో మళ్లీ ప్రాసెస్ చేసి ఇస్తున్నారు. 2019లో తీసిన ఇమేజీ 05.00 బేస్‌లైన్‌తో వస్తే అందులోనూ ఆఫ్‌సెట్ ఉంటుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అనే ఆన్‌లైన్ సర్వీసులో హార్మొనైజ్డ్ కలెక్షన్ నుంచి తీసుకుంటే వాళ్లే ముందే తీసేసి ఇస్తారు, మీరు మళ్లీ తీస్తే రెండుసార్లు తీసినట్టు. కాబట్టి మీ ఫైల్లో ఈ నాలుగూ ఉండాలి: ఎక్కడి నుంచి తెచ్చారు, ఏ బేస్‌లైన్, గుణకం ఎంత, ఆఫ్‌సెట్ ఎంత. ఫైలు పేరులో ఎన్ అక్షరం తర్వాత నాలుగంకెలుంటాయి, 0400, 0500 లాగా. అదే బేస్‌లైన్.

కోడ్‌మేస్త్రి | బుధవారం, ఉదయం 11:20

యామల్ వాడండి, అదీ పేరు, విలువ రాసే టెక్స్ట్ పద్ధతే. జేసన్‌లో కామెంట్లు రాయలేం. యామల్‌లో "ఈ ఇమేజీలో ఈశాన్యం మూల పలచటి మబ్బు, చెరువు అంచు నమ్మకూడదు" అని ఆ లైను పక్కనే రాసుకోవచ్చు. బ్రాకెట్లు, కామాలు లేవు కాబట్టి ప్రోగ్రామింగ్ రానివాళ్లు కూడా హాయిగా చదువుతారు. ఓపెన్ డేటా క్యూబ్ (శాటిలైట్ డేటాను ఒకచోట పెట్టి వాడే సాఫ్ట్‌వేర్) వాళ్లు డేటాసెట్ వివరాలన్నీ యామల్‌లోనే పెడతారు. అంత పెద్ద వ్యవస్థే దానిమీద నడుస్తుంటే మనకేం భయం?

అక్షాంశం | బుధవారం, మధ్యాహ్నం 12:45

యామల్ చదవడానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. చేత్తో రాస్తేనే ప్రమాదం. పైథాన్‌లో అందరూ వాడే పైయామల్ లైబ్రరీ యామల్ 1.1 వెర్షన్ నియమాలు పాటిస్తుంది. ఈ మూడూ చూడండి.

రో 047 అని సున్నాతో రాశారు. సున్నాతో మొదలై అన్నీ 0 నుంచి 7 దాకా అంకెలే కాబట్టి దాన్ని అష్టాంశ (8 ఆధారం) సంఖ్య అనుకుని 39 అని చదువుతుంది. పక్క సీను రో 048 అని రాస్తే, 8 ఉంది కాబట్టి అష్టాంశం కాదు, మామూలు టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఒకే ఫోల్డర్లో ఒక రో 39 అవుతుంది, ఇంకోటి టెక్స్ట్ అవుతుంది. కంటికి రెండూ సరిగ్గానే కనిపిస్తాయి.

టైము 05:08:31.5 అని కోట్స్ లేకుండా, చివర జెడ్ (యూటీసీ గుర్తు) లేకుండా రాస్తే దాన్ని అరవై ఆధారం సంఖ్యగా లెక్కించి 18511.5 చేస్తుంది.

గుణకాన్ని 2ఈ-05 (అంటే 0.00002) అని రాస్తే, చుక్క లేదు కాబట్టి సంఖ్యగా గుర్తించదు, టెక్స్ట్ అంటుంది. 2.0ఈ-05 అని రాస్తే సంఖ్య.

ఓపెన్ డేటా క్యూబ్‌లో ఆ ఫైళ్లను మామూలుగా ప్రోగ్రామ్ తయారు చేస్తుంది, వాటిని తనిఖీ చేసే పద్ధతీ ఉంటుంది. కాబట్టి వాళ్లకు నడుస్తుంది. మనలాంటి చిన్న జట్టులో ఎవరో ఒకరు చేత్తో దిద్దుతారు.

కోడ్‌మేస్త్రి | బుధవారం, మధ్యాహ్నం 1:10

047 సంగతి ఇప్పుడే పెట్టి చూశాను, మీరన్నట్టే 39 వచ్చింది. కోట్స్ పెడితే సమస్య లేదు. కానీ కోట్స్ పెట్టాలని అందరికీ గుర్తుండాలి, అక్కడే చిక్కు. సరే, జేసన్‌కే నా ఓటు. కామెంట్ల కోసం "గమనిక" అని ఒక కీ (విలువకు పెట్టే పేరు) పెట్టుకుంటే పోతుంది.

మేఘమాల | బుధవారం, సాయంత్రం 7:30

జేసన్ అనుకుంటే కొత్తగా మీ సొంత కీలు కనిపెట్టకండి. ఇమేజీల మెటాడేటా రాయడానికి స్టాక్ అనే ప్రమాణం ఉంది, 1.0.0 వెర్షన్ 2021 మేలో వచ్చింది. ఒక్కో ఇమేజీకి ఒక జేసన్ ఫైలు, అది జియోజేసన్ (మ్యాపు హద్దులుండే జేసన్) కూడా కాబట్టి క్యూజీఐఎస్‌లోకి లాగి వదిలితే ఇమేజీ హద్దు మ్యాపు మీద కనిపిస్తుంది. మేఘాల శాతానికి, సూర్యుడి ఎత్తుకు, గుణకానికి, ఆఫ్‌సెట్‌కు అన్నిటికీ పేర్లు ముందే ఉన్నాయి.

మీకు ముఖ్యంగా ఉపయోగపడేది బ్యాండ్ల మామూలు పేరు. ల్యాండ్‌శాట్ 8లో బ్యాండ్ 3 గ్రీన్, సెంటినెల్-2లోనూ బ్యాండ్ 3 గ్రీన్. లిస్-3కి బ్లూ లేదు, బ్యాండ్లు 2 నుంచి 5 దాకా ఉంటాయి. 2 గ్రీన్, 3 రెడ్, 4 నియర్ ఇన్‌ఫ్రారెడ్, 5 షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. ల్యాండ్‌శాట్‌లో నియర్ ఇన్‌ఫ్రారెడ్ 5, సెంటినెల్‌లో 8. బ్యాండ్ నంబరు ఒక్కటే రాసుకుంటే మూడేళ్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు. స్టాక్‌లో ప్రతి బ్యాండ్‌కూ గ్రీన్, రెడ్, ఎన్‌ఐఆర్ అని కామన్ నేమ్ రాస్తారు, ప్రోగ్రామ్ దాన్ని చూసే బ్యాండ్ ఎంచుకుంటుంది.

హద్దుల విషయంలో ఒక జాగ్రత్త. జియోజేసన్‌లో ముందు రేఖాంశం, తర్వాత అక్షాంశం. మనం మామూలుగా చెప్పుకునేది దీనికి తలకిందులు. ఇంకా, ఇమేజీ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును మ్యాపుగా మార్చే పద్ధతి) కోడ్ తప్పకుండా పెట్టండి. హైదరాబాద్ యూటీఎం 44వ జోన్లో (భూమిని 6 డిగ్రీల చొప్పున నిలువుగా పంచిన ముక్కల్లో ఒకటి) పడుతుంది, కోడ్ 32644. జహీరాబాద్, అనంతపురం 43లో ఉంటాయి. పలాస, ఇచ్ఛాపురం 84 డిగ్రీల రేఖాంశం దాటి 45లోకి పోతాయి. రేపు మీ పని పాలమూరు దాటి పెరిగితే మూడు జోన్లూ వస్తాయి.

ఊరిపేరు | గురువారం, ఉదయం 6:55

తెలుగు అక్షరాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. చెరువు పేరు, ఊరి పేరు తెలుగులో రాయండి. నోట్‌ప్యాడ్‌లో చదివేవాళ్ల కోసమే కదా ఇదంతా. పైథాన్‌లో జేసన్ రాసేటప్పుడు ఎన్ష్యూర్ ఆస్కీ అనే ఆప్షన్ ఊరికే వదిలేస్తే, "త" అక్షరం బదులు బ్యాక్‌స్లాష్, యూ, 0సీ24 అని పడుతుంది. ఊరి పేరంతా ఇలాంటి కోడ్‌లతో నిండిపోతుంది. ప్రోగ్రామ్‌కు తేడా లేదు, మనిషికి మాత్రం ఒక్క ముక్క అర్థం కాదు. దాన్ని ఫాల్స్ చేసి, ఫైలును యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతి) రాయండి. సీఎస్వీ కూడా తీసి ఎక్సెల్‌లో తెరుస్తారనుకుంటే యూటీఎఫ్-8తో పాటు బామ్ గుర్తు (ఫైలు మొదట్లో ఉండే అక్షరాల పద్ధతి సూచన) పెట్టాలి, లేకపోతే అక్షరాలు చెదిరిపోతాయి.

ఊరి పేరును మాత్రం గుర్తింపు సంఖ్యగా వాడకండి. ఒకే పేరుతో నాలుగు మండలాల్లో ఊళ్లుంటాయి, అదే ఊరిని ముగ్గురు మూడు రకాలుగా రాస్తారు. పెద్దచెరువు అనే పేరైతే ఊరికొకటి ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది. కోడ్ ఒక కీలో, తెలుగు పేరు ఇంకో కీలో పెట్టుకోండి.

తూర్పుతీరం | గురువారం, ఉదయం 9:20

స్టాక్ అంటే నాకూ ఇష్టమే. కానీ అసలు ఎంటీఎల్, అసలు ఎక్స్‌ఎంఎల్ పారేసి స్టాక్ ఒక్కటే ఉంచుకుంటానంటే ఒప్పుకోను. స్టాక్‌లోకి మార్చేటప్పుడు ఎవరికి వాళ్లు ముఖ్యమనుకున్నవే తీసుకుంటారు. థర్మల్ బ్యాండ్ కే1, కే2 స్థిరాంకాలు ఇవాళ మీకు అక్కర్లేదు, రేపు చెరువు నీటి ఉష్ణోగ్రత కావాలంటే ఎక్కడి నుంచి తెస్తారు? అసలు ఫైలు కిలోబైట్లలో ఉంటుంది. ఇమేజీ ముందు అదెంత?

అక్షాంశం | గురువారం, ఉదయం 10:15

తూర్పుతీరం గారితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తాను. వచ్చిన ఫైలు వచ్చినట్టే, పేరు కూడా మార్చకుండా దాచాలి. మార్పిడిలో ఎక్కడ జారుతుందో ల్యాండ్‌శాట్ లెవెల్-2లోనే (గాలి ప్రభావం తీసేసి ఇచ్చే ఇమేజీలు) చూపిస్తాను. ఆ ఎంటీఎల్‌లో రిఫ్లెక్టెన్స్ మల్ట్ బ్యాండ్ 4 (బ్యాండ్ 4 గుణకం) అనే పేరు రెండుసార్లు వస్తుంది. లెవెల్-2 సర్ఫేస్ రిఫ్లెక్టెన్స్ గ్రూపులో 0.0000275, లెవెల్-1 రేడియోమెట్రిక్ గ్రూపులో 0.00002. ఆఫ్‌సెట్లు కూడా వేరే, ఒకచోట మైనస్ 0.2, ఇంకోచోట మైనస్ 0.1. గ్రూపులు పట్టించుకోకుండా పేరు, విలువ అని చదునుగా డిక్షనరీలో వేసుకునే ప్రోగ్రామ్‌లో చివర వచ్చింది ముందుదాన్ని చెరిపేస్తుంది. ఇంటర్నెట్లో దొరికే పది లైన్ల స్క్రిప్టులు చాలావరకు ఇలాగే ఉంటాయి. ఎక్సెల్ షీట్లోకి ఎక్కించినా ఇదే బాధ. గ్రూపు పేరు కూడా కీలో భాగం కావాలి.

జేసన్ ఎంటీఎల్ వాడితే ఇంకొకటి గుర్తుంచుకోండి. అందులో అంకెలన్నీ కోట్స్‌లో టెక్స్ట్‌గానే ఉంటాయి. మేఘాల శాతం 9 కంటే 10 చిన్నదని వరుస పెడుతుంది, సంఖ్యగా మార్చుకున్నాకే పోల్చాలి.

చెరువుగట్టు | గురువారం, రాత్రి 8:50

అందరికీ చాలా థ్యాంక్స్. మేం ఇట్లా అనుకుంటున్నం. ఒక్కో ఇమేజీకి ఒక ఫోల్డర్. అందులో వచ్చిన మెటాడేటా ఫైళ్లు ముట్టుకోకుండా ఒకచోట. పక్కన ప్రోగ్రామ్ రాసిన స్టాక్ జేసన్, ఎవరూ చేత్తో దిద్దొద్దు, తప్పుంటే ప్రోగ్రామ్ సరిచేసి మళ్లీ రాయించాలె. పరిశీలనలు గమనిక అని తెలుగులో వేరే టెక్స్ట్ ఫైల్లో, రాసినవాళ్ల పేరు, తేదీతో. ఎన్‌డీడబ్ల్యూఐ టిఫ్ తయారైనప్పుడు దానికీ ఒక జేసన్: ఏ ఇమేజీ నుంచి, ఏ గుణకం, ఏ ఆఫ్‌సెట్, గీత ఎక్కడ పెట్టినం. తూర్పుతీరం అన్న చెప్పినట్టు టిఫ్ ట్యాగులో ఆ జేసన్ ఫైలు పేరు కూడా రాస్తం, ఇమేజీ ఒక్కటే ఎక్కడన్నా దొరికినా మూలం తెలుస్తది.

లిస్-3 దగ్గరే ఇంకా అనుమానం ఉన్నది. దాంట్లో గుణకం, ఆఫ్‌సెట్ అని లేవు, ఎల్‌మాక్స్, ఎల్‌మిన్ అని ఉన్నయి. తేదీ కూడా నెల పేరుతో రాసి ఉన్నది.

పాతఫైళ్లు | గురువారం, రాత్రి 10:30

ఎల్‌మాక్స్, ఎల్‌మిన్ అంటే ఆ బ్యాండ్‌లో గరిష్ఠ, కనిష్ఠ రేడియన్స్. రిసోర్స్‌శాట్-2 లిస్-3 పది బిట్లది, అంకెలు 0 నుంచి 1023 దాకా. కాబట్టి ఎల్‌మాక్స్‌లోంచి ఎల్‌మిన్ తీసేసి 1023తో భాగిస్తే గుణకం, ఎల్‌మిన్ ఆఫ్‌సెట్. వచ్చేది రేడియన్స్, రిఫ్లెక్టెన్స్ కాదు. జేసన్‌లో యూనిట్ తప్పక రాయి, ల్యాండ్‌శాట్ విలువల పక్కన పెట్టి పోల్చేవాళ్లుంటారు. రిఫ్లెక్టెన్స్ కావాలంటే సూర్యుడి ఎత్తు, భూమి నుంచి సూర్యుడి దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎత్తు ఆ ఫైల్లోనే ఉంటుంది, దూరం తేదీని బట్టి కట్టుకోవచ్చు. 1023 అనే అంకెను కూడా ప్రోగ్రామ్‌లో పాతిపెట్టకుండా జేసన్‌లో రాయించు. వేరే సెన్సర్ డేటా వచ్చిన రోజున మారేది అదే.

తేదీని స్టాక్‌లో సంవత్సరం, నెల, రోజు వరుసలో రాసుకో. బ్యాండ్ మెటాలో ఉన్న తీరును మాత్రం అలాగే ఉండనీ.